పుల్లయ్య బండి, మొదటి పది కుంచాలు

కొండ కింది అడవిలో వారం వారం సంత జరిగేది. అక్కడికి తేనె, చింతపండు, కుంకుడుకాయలు చేరాలంటే బండ్లే దిక్కు. దారి నిండా రాళ్లూ గోతులూ. అందుకని బండి ఉన్న ప్రతివాళ్లూ తొలకరికి ఎలుగుబంటి పెద్దమ్మ దగ్గర నాలుగు కుంచాల జొన్నలు పోసేవారు. ఏడాదిలో బండి విరిగితే బాగుచేత ఖర్చులో ఒక్క కుంచం మాత్రం బండివాడు పెట్టుకోవాలి, మిగతాదంతా పెద్దమ్మే భరించేది. విరగకపోతే ఆ నాలుగు కుంచాలూ పోయినట్టే.

ఎద్దు పుల్లయ్యకు ఈ చివరి మాటే మింగుడు పడేది కాదు. అడవి మొత్తంలో తన బండి తానే లాగే ఎద్దు ఆయనొక్కడే. ఎవరి కిందా కూలికి పోనవసరం లేదని ఆయన గర్వం. ఆరేళ్లుగా ఆ బండి మీద గీత కూడా పడలేదు.

ఆ తొలకరికి నక్క జంబయ్య కొత్త దుకాణం తెరిచాడు.

"పుల్లయ్య మామా, పెద్దమ్మకు ఏటా నాలుగు కుంచాలు పోస్తున్నావటగా?"

"పోయక ఏం చెయ్యను అల్లుడూ?"

"నాకు రెండే పొయ్యి."

"రెండేనా! మరి బండి విరిగితే?"

"నేను లేనూ? కాకపోతే ఒక్క మాట. బాగుచేతకయ్యే దాంట్లో మొదటి పది కుంచాలు నీవి. ఆపైన నూరైనా సరే, నావి. విన్నావా?"

విన్నాడు. వినలేదని నేననను. కానీ ఎద్దుల తీరు మీకు తెలుసుగా, గడ్డిని ముందు గబగబా మింగేసి తర్వాత తీరిగ్గా నెమరేస్తాయి. పుల్లయ్య మాటల్ని కూడా అలాగే మింగేవాడు. 'రెండే' అన్నదీ 'నూరైనా నావి' అన్నదీ తియ్యగా లోపలికి దిగిపోయాయి. వెంటనే తడిమట్టిలో గిట్ట ముద్ర వేసి ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం చింతచెట్టు నీడలో పడుకుని నెమరు మొదలుపెట్టాడు. గడ్డితో పాటు నక్క మాటా పైకొచ్చింది. మొదటి పది కుంచాలు నీవి! పాపం, దవడ ఆగిపోయింది. ఆయన గాదెలో ఉన్నవే నాలుగు కుంచాలు, ఈ బేరంలో మిగిలిన రెండింటితో కలిపి.

వెంటనే లేచి నక్క దగ్గరికో పెద్దమ్మ దగ్గరికో వెళ్లుంటే ఎంత బాగుండేది! వెళ్లలేదు. "ఆరేళ్లు ఏమీ కాలేదు, ఏడో ఏడు మాత్రం ఏమవుతుందిలే" అని తనకు తానే సర్దిచెప్పుకుని కళ్లు మూసుకున్నాడు.

మూడు నెలలు తిరిగాయి. నిండా చింతపండుతో బండి వాలు దిగుతుంటే కుందేలు పిల్లలు నాలుగు అడ్డంగా దూకాయి. వాటిని తప్పించబోయి పుల్లయ్య పక్కకు లాగాడు. పిల్లలు బతికాయి. బండి గోతిలో పడింది.

వడ్రంగి పిట్ట వచ్చి ముక్కుతో అక్కడా ఇక్కడా కొట్టి చూసింది. "ఇరుసు పోయింది పుల్లయ్యన్నా. చక్రం కూడా కొత్తది చెయ్యాలి. ఎంత తగ్గించుకున్నా తొమ్మిది కుంచాలవుతుంది."

పుల్లయ్య జంబయ్య దగ్గరికి పరుగెత్తాడు.

"తొమ్మిదేనా? పదిలోపే కదా మామా, నా వంతే రాలేదు."

"ఇది అన్యాయం అల్లుడూ!"

"ముందే చెప్పానుగా! ఇదే బేరానికి పందికొక్కు వీరమ్మ కూడా చేరింది. పోయిన నెల ఆమె బండీ విరిగింది. ఒక్క మాట అనలేదే!"

నక్కను తిట్టాలని నాకూ నోటిదాకా వచ్చింది. కానీ వాడు దాచిందేమీ లేదు.

పుల్లయ్య వీరమ్మ కలుగు దగ్గరికి పోయి అడిగాడు. "అంత ఖర్చు ఎలా తట్టుకున్నావమ్మా?"

"నా కలుగులో ఎప్పుడూ ముప్ఫై కుంచాలుంటాయన్నా. పది తీసినా నా పొయ్యి ఆరదు. అందుకే ఏడాదికి రెండు మిగులుతాయని చవకది తీసుకున్నా. నీ గాదెలో ఏముందో చూసుకోకుండా నువ్వెందుకు చేరావు?"

పుల్లయ్యను చూసి వీరమ్మకు జాలేసింది. మెల్లగా అడిగింది. "నా బండి లాగే గాడిదకు కాలు బెణికింది. నీ బండి బాగుపడేదాకా కూలికి వస్తావా అన్నా?"

మెడ వంచడం తప్ప ఆయనకు మరో దారి లేదు. మరుసటి సంతకు వీరమ్మ బండి కాడి పుల్లయ్య మెడ మీదికెక్కింది. వాలు దిగేచోట విరిగిన తన బండి పక్కకు ఒరిగి కనిపించింది. పుల్లయ్య దానికేసి చూడలేదు. "తొందరగా పద అన్నా, సంత వేళైంది" అని వెనక నుంచి వీరమ్మ కేకేసింది. "వస్తున్నానమ్మా" అన్నాడు. ఎవరికీ అలా బదులు చెప్పి ఎరగని ఎద్దు.

నీతి: చవకగా దొరికిన భరోసాకు సంబరపడే ముందు, ఆపద రోజున మన వంతుగా పెట్టవలసింది మన గాదెలో ఉందో లేదో చూసుకోవాలి.