తుంగ పక్కన తుమ్మకర్ర

రంగారావుని ఆ రోజు కొట్టి తీరాలనుకున్నాడు మీరావలి. తుమ్మకర్ర చెక్కి, నూనె కూడా పట్టించి పెట్టుకున్నాడు.

టీకొట్టు బల్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లందరికీ వినపడేలా రంగారావు ఫకీరు తాతని తిడతాడు. "పనిదొంగ. తిండి కోసం గడ్డం పెంచాడు" అంటాడు. చదువు మానేసి ఆ తాత దగ్గరే ఉంటున్న మీరావలికి ఒళ్లు మండిపోతుంది.

"నన్నంటే పడతా తాతా. మిమ్మల్నంటే పడను" అన్నాడు తెల్లారకముందే.

తాత కర్ర వైపు చూశాడు. వద్దనలేదు. "కొట్టు తెరవడానికి ఇంకా టైముందిగా. ఏసోబు వాగు మడుగులో చేపలకి పోతున్నాడంట. మనమూ పోదాం పద."

ఏసోబు, మీరావలి ఒకే బడిలో చదివారు. కర్ర చూడగానే ఏసోబుకి నవ్వాగలేదు.

"ఏందిరా, చేపల్ని బాది పడతావా?"

"నోర్ముయ్. గాలం ఇటివ్వు."

ఎంతసేపు కూర్చున్నా ఒక్కటీ పడలేదు. మీరావలి వానపాము మార్చాడు, చోటు మార్చాడు, గాలాన్నీ తిట్టాడు.

"కొత్తనీరొచ్చిందిరా. కడుపులు నిండున్నాయి వాటికి" అన్నాడు ఏసోబు.

అప్పుడు తాత ఒడ్డునున్న తుంగగడ్డి పక్కకి వేలు చూపించాడు. ఎసరు మరుగుతున్నట్టు నీళ్లు బుడబుడలాడుతున్నాయి. ఎర్రగా, సన్నగా, ఒకటే గుంపు. కొర్రమీను పిల్లలు.

"అక్కడెయ్యి."

ఏసోబు మొహం మాడిపోయింది. "పిల్లల మీద మేము గాలం వెయ్యం తాతా. మా నాన్నకి తెలిస్తే ఇంట్లోకి రానివ్వడు."

"నువ్వొద్దులే. వీడేస్తాడు."

తాత ముల్లుకున్న వానపాముని తీసి పారేశాడు. భుజమ్మీది పచ్చ రుమాల్లోంచి చిన్న పేలిక చించి ముల్లుకి కట్టాడు.

మీరావలి విసిరాడు. పేలిక పిల్లల మధ్యలో పడిందో లేదో, నీళ్లు భళ్లున పగిలాయి. లాగితే గట్టు మీద మోచేయంత కొర్రమీను!

"పడిందిరా!" అని ఎగిరాడు మీరావలి.

ఏసోబు నవ్వలేదు. నీళ్లకేసి చూస్తున్నాడు. మీరావలీ చూశాడు. ఎక్కణ్ణుంచొచ్చాయో జెల్లచేపలు, గుంపులోకి దూరి పిల్లల్ని మింగుతున్నాయి. మరుగుతున్న చోటు కాస్త కాస్తగా చల్లారిపోతోంది.

"వదలరా సన్నాసీ! వదులు!" అని అరిచాడు ఏసోబు.

మీరావలి గబగబా ముల్లు ఊడదీశాడు. చేప పెదవి చీలింది. నీళ్లలో వదలగానే అది తిన్నగా గుంపులోకే పోయింది. జెల్లలు చెదిరిపోయాయి. మిగిలిన పిల్లలు మళ్లీ దాని మీదికి చేరాయి.

మీరావలి ముల్లుకున్న పేలికని విప్పాడు. "ఉత్త గుడ్డపేలిక తాతా. దాన్నెందుకు కరిచింది?"

"దాని పిల్లల జోలికొచ్చింది కదా."

"మళ్లీ వేస్తే?"

"మళ్లీ వస్తుంది. పాపం, దానికి ఇంకో దారి తెలీదు."

తాత లుంగీ దులుపుకుని గట్టెక్కాడు. ఇంటికి టీకొట్టు మీంచే పోవాలి. రంగారావు గొంతు అప్పుడే ఇక్కడిదాకా వినపడుతోంది.

మీరావలి పేలికని గుప్పెట్లో పెట్టుకుని తాత వెనకే నడిచాడు.

"ఒరే, నీ కర్ర!" వెనకనుంచి ఏసోబు అరిచాడు.

మీరావలి ఆగలేదు.

"తుంగ పక్కన గుర్తుగా పాతెయ్‌రా. అక్కడెవరూ గాలం వెయ్యకుండా."