దొరసాని నవ్వు, రాజుగారి మీసం

పొగడగిరి రాజు ఉద్దండరాయలకు ఒకరోజు పొద్దున్నే పెద్ద అనుమానం వచ్చిపడింది. చిత్రశాల గోడ మీదున్న పరంగి దొరసాని తనను చూసి నవ్వుతోందని!

"నవ్వితే నవ్వింది, పూర్తిగా నవ్వొచ్చుగా? ఆ సగం నవ్వేమిటి? నాలో ఏం కనిపించిందట?" అని కొలువులో అందరినీ నిలదీశాడు.

ఆ బొమ్మకు పెద్ద కథే ఉంది. సముద్రాల అవతల ఎవరో మహానుభావుడు దాన్ని చెక్కపలక మీద నూనెరంగులతో ఏళ్ల తరబడి వేశాడట. పరంగి వర్తకులు దాన్ని ఇక్కడ దించి, బదులుగా ఇరవై బస్తాల మిరియాలు పట్టుకుపోయారు. రాజుగారి తాతగారు ముచ్చటపడి స్నానాలగదిలో పెట్టించుకున్నారు. మీరు నీళ్లు పోసుకుంటుంటే పరాయి ఆడది కళ్లప్పగించి చూడటమేమిటని అప్పటి రాణిగారు రచ్చరచ్చ చేశాక, పటం చిత్రశాలకు చేరింది. అప్పటికే ఆవిరి తగిలి పైపూత పసుపెక్కిపోయింది. ఆమెకు కనుబొమలు కూడా లేవు. అవి మొదట్నుంచీ లేవో, ఆ స్నానాలగదిలోనే పోయాయో ఎవరూ చెప్పలేరు.

కొలువులో తలా ఒక మాట అన్నారు. జ్యోతిష్కుడు శని చూపన్నాడు. వైద్యుడు పంటినొప్పన్నాడు.

అప్పుడు ఆస్థాన చిత్రకారుడు తిప్పయాచారి శాలువా సవరించుకుని లేచాడు. పరంగివాడి బొమ్మను చూడ్డానికి ఊళ్లవాళ్లు వస్తున్నారని, తన బొమ్మల ముందు ఎవరూ ఆగడం లేదని ఆయనకు లోపల ఒకటే మంట.

"ప్రభూ, అది నవ్వే కాదు. పెదవి మూల పేరుకున్న మురికి! చింతపండు పులుసులో కాస్త బూడిద కలిపి, కొబ్బరిపీచుతో నాలుగు రుద్దులు రుద్దానంటే తేటగా వస్తుంది. ఆపైన కనుబొమలు దిద్ది, ముక్కుకు పుడక పెట్టి, నిండుగా నవ్వించే పూచీ నాది."

రాజు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె తనను చూసి నవ్వడం లేదు, అంతే చాలు.

"ఇప్పుడే కానివ్వండి!"

ఆ మాట కొలువులో ఓ పక్కన నిలబడ్డ కాచమ్మ చెవిన పడింది. చిత్రశాలలో నెమలీకల కట్టతో పటాల దుమ్ము దులిపే మనిషి ఆమె. పదిహేనేళ్లుగా ఆ దొరసాని ముఖాన్ని పసిపిల్ల ముఖంలా చూసుకుంటోంది. ఇత్తడి చెంబుకు జరిగే మర్యాద ఆ ముఖానికి జరుగుతుందా? ఆగలేక ముందుకొచ్చింది.

"మహాప్రభూ, ఆమె అందరినీ చూసి అలాగే నవ్వుతుంది. నేను దుమ్ము దులుపుతుంటే నన్ను చూసీ నవ్వుతుంది."

"నన్నూ నిన్నూ ఒకేలాగానా?" రాజు ముఖం ఎర్రబడింది.

"చిత్తం. ఆమెకు తెలీదు కదా, ఏలినవారెవరో. కానీ పీచు పెట్టి రుద్దితే ముఖమే మిగలదు ప్రభూ!"

"దులిపేదానికి కుంచె పనేం తెలుసు?" అన్నాడు తిప్పయాచారి.

రాజు చెయ్యెత్తాడు. "కాచమ్మా, నీ మాట తప్పని తేలితే ఈ సాయంత్రానికి ఊరు వదిలిపోవాలి. ఒప్పుకుంటావా?"

కాచమ్మ తలూపి ఆచారి వైపు తిరిగింది.

"ఆచారిగారూ, మీరు రుద్దితే రంగు పోదా?"

"ఆవగింజంత కూడా పోదు. పోయేదల్లా మురికే!"

"ఏ పటానికైనా అంతేనా?"

"ఏ పటానికైనా అంతే! కొలువు సాక్షిగా చెబుతున్నాను."

"అయితే ముందు ఇంకో పటం మీద చూపించండి. మాకూ ధైర్యంగా ఉంటుంది."

రాజు సరేనన్నాడు. కాచమ్మ లోపలికి వెళ్లి, ఇద్దరు భటుల చేత గుడ్డ కప్పిన నిలువెత్తు పటం మోయించుకొచ్చింది. గుడ్డ లాగేసరికి కొలువంతా లేచి నిలబడింది. అది ఉద్దండరాయల పటమే. వేసింది తిప్పయాచారే.

నిజం చెప్పాలంటే రాజుగారి మీసం పలచన. పటంలో మాత్రం బొటనవేలి లావుంటుంది. ఏటా ఆయుధపూజనాడు తిప్పయాచారి తన కుంచెకు పసుపుకుంకాలు పెట్టి, తొలిరంగు ఆ మీసానికే పులమడం ఆనవాయితీ. అలా పన్నెండు దసరాల నలుపు అక్కడ చేరింది.

కాచమ్మ వంటింటి నుంచి తెప్పించిన కొబ్బరిపీచును చింతపండు పులుసులో ముంచింది. పిండింది. తిన్నగా మీసం దగ్గరికి తీసుకెళ్లింది.

"ఆగు! ఆగు!" తిప్పయాచారి శాలువా జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పోతుంది!"

"ఏం పోతుంది?" అన్నాడు రాజు.

"మీ... మీసం పోతుంది ప్రభూ!"

కాచమ్మ పీచు పక్కన పెట్టి, చేతులు జోడించి అమాయకంగా అడిగింది:

"పోయేదల్లా మురికేనని ఆచారిగారు కొలువు సాక్షిగా అన్నారు. మరి ఏలినవారి మీసం మురికా, ఆచారిగారి మాట అబద్ధమా? మహాప్రభువులే సెలవియ్యాలి!"

ముందుగా తెర వెనక రాణిగారు పకపకా నవ్వారు. తర్వాత మంత్రి. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఉద్దండరాయలు తన పలచటి మీసం మీద చెయ్యి వేసుకుని, కోప్పడబోయి, పొట్ట పట్టుకుని నవ్వాడు. తిప్పయాచారి ఒక్కడే నవ్వలేక, ఏడవలేక నిలబడ్డాడు.

రాజు మెళ్లో ముత్యాలహారం తీసి కాచమ్మకిచ్చాడు.

"దొరసాని పటం ముందు గాజుపలక బిగించండి. కాచమ్మ అనుమతి లేకుండా పటానికి మూడు బారల దూరంలోకి ఎవరూ రాకూడదు!"

"ఏలినవారు కూడానా ప్రభూ?" అంది కాచమ్మ.

"నేను కూడా!" అన్నాడు రాజు, ఇంకా కళ్లు తుడుచుకుంటూనే.