రాజుగారి కళ్ళగంతలు

కొండవాగు రాజు మాధవభూపతికి పుట్టినరోజు దగ్గరపడిందంటే దానం చెయ్యాలన్న దురద పుడుతుంది. దురద ఆయనది, గోకేది మాత్రం దానాధ్యక్షుడు సోమనాథయ్య. ఏటా ఎవరికివ్వాలో ఆయనే చెబుతాడు, ఇచ్చినచోటల్లా ఒక శాసనం పాతిస్తాడు. ఆ రాతిమీద రాజుగారి పేరు ఒక వరస, సోమనాథయ్య బిరుదులు తొమ్మిది వరసలు.

ఈసారి రాజుకి కొత్త బుద్ధి పుట్టింది.

"పదిమందికీ చిటికెడు చిటికెడు చల్లడం నాకు నచ్చలేదు. ఒక్కటే దానం చేద్దాం. పశువులసాల వెనక బీడూ, ఏడాదికి సరిపడా ధాన్యమూ ఒక్కరికే. ఎవరికో సాయంత్రంలోగా తేల్చండి" అన్నాడు.

ఆ మాటకి, రాజుకి తాంబూలం అందించే ఓబన్న ఆకు చుట్టడం ఆపేసి తలెత్తాడు. ఆ బీడులో ఉంటున్నది ఒంటికాలి బొల్లయ్య. ఒకప్పుడు రాజుగారి వేటకుక్కల్ని సాకాడు, అడవిపంది పొడిచి కాలు పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచీ కుక్కలకి వేట మాన్పించి వేరే చదువు చెబుతున్నాడు. చూపులేనివాళ్ళకి దారి చూపడం, నడవలేనివాళ్ళ కర్ర జారితే తెచ్చి అందించడం, అలాంటివి. ఓబన్న మేనత్త చెంచమ్మకి చూపు లేదు. బొల్లయ్య ఇచ్చిన చుక్క అనే కుక్కతోనే ఊరంతా తిరిగి పూలమ్ముకుంటోంది. బీడు పోతే కుక్కలకి నిలవనీడ ఉండదు, చెంచమ్మలాంటివాళ్ళు మళ్ళీ మూల కూర్చోవాల్సిందే.

సోమనాథయ్య జాబితా విప్పాడు. మూడుపూటలా నేతి అన్నం తినే ఆస్థానకవులకి నాలుగోపూట నేతి అన్నం. శాలువాలు ఇంట్లో పట్టనివాళ్ళకి శాలువాల పెట్టెలు. అన్నిటికన్నా మిన్నగా, ఆ బీడులో ఒక పాలరాతి మంటపం. ఇప్పటిదాకా వేయించిన దానశాసనాలన్నీ ఎండకీ వానకీ పాడవకుండా అందులో పెడతారట.

"రాళ్ళకి నీడా?" అన్నాడు రాజు.

"తమ కీర్తికి నీడ ప్రభూ" అన్నాడు సోమనాథయ్య.

ఓబన్న తమలపాకు ఈనె తీస్తూ, "బొల్లయ్య కుక్కలబడి కూడా ఉందాండీ జాబితాలో?" అని అడిగాడు.

సోమనాథయ్య ముక్కు చిట్లించాడు. "కవికి పెడితే పద్యం చెబుతాడు. కుక్కకి పెడితే ఏం చెబుతుంది? పైగా ఎముక కనబడితే చాలు, ఆ గుడ్డిదాన్ని నడివీధిలో వదిలేసి పోతుంది. చెయ్యి పట్టుకుని నడిపించడానికి మనుషులు లేరా? నేను లేనా?"

ఓబన్నకి ఒళ్ళు మండింది. అయినా ఆకుకి సున్నం రాస్తూ నెమ్మదిగానే అన్నాడు. "అయ్యగారి మాట ఎందుకు తీసెయ్యాలి, చూసేద్దాం. ప్రభువులు కళ్ళకి గంతలు కట్టుకుంటే, అయ్యగారు చెయ్యి పట్టుకుని బీడుదాకా తీసుకొస్తారు. మా అత్త చుక్కతో వస్తుంది. ఎముకలు అయ్యగారే వేయించుకోవచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ."

రాజుకి ఆటలంటే సరదా. సరేనన్నాడు. సోమనాథయ్య వంటసాలకి కబురంపాడు. ఓబన్న మాత్రం శాసనాలు చెక్కే పెంచలయ్య దగ్గరికెళ్ళి, చెవిలో ఒక మాట వేసి వచ్చాడు.

ఎండ తగ్గాక బయల్దేరారు. ముందు గంతలతో రాజు, ఆయన చెయ్యి పట్టుకుని సోమనాథయ్య. వెనక చుక్క మెడపట్టీ పట్టుకుని చెంచమ్మ. ఆ వెనక సభంతా.

కోటగుమ్మం దగ్గర మూలుగ కారుతున్న ఎముక పడింది. చుక్క ముక్కు కదిలింది, కాళ్ళు మాత్రం దారి తప్పలేదు. సంతబజారులో ఏకంగా వేటమాంసమే పడింది. చుక్క నోట్లో నీళ్ళూరి నేలమీద కారాయి. అయినా చెంచమ్మని గోతి పక్కనుంచి తప్పించి తీసుకుపోయింది. సోమనాథయ్య మొహం మాడిపోయింది.

పశువులసాల మలుపులో పెంచలయ్య కొత్త శాసనం చెక్కుతున్నాడు. చెక్కిందల్లా పైకి చదువుకుంటున్నాడు. "దానకల్పవృక్ష, ధర్మదిక్పాల, పరోపకారశేఖర... ఇక చాల్లే. ఆఖరుదానికి రాయి చాలదు."

సోమనాథయ్య ఆగిపోయాడు. "ఏది చాలదు?"

"కరుణాసముద్ర అండీ."

"అది లేకపోతే నా పేరులో ఇంకేముందిరా" అంటూ సోమనాథయ్య రాజు చెయ్యి వదిలేసి, రాతిమీదికి వంగి, జానలతో చోటు కొలవడం మొదలుపెట్టాడు.

రాజు నడుస్తూనే ఉన్నాడు. ఎదురుగా కుడితి గుంట. దానిమీద ఉండాల్సిన పలక ఆపూట పశువులకి కుడితి పెట్టడానికి తీసేశారు. ఈ సంగతి ఓబన్న అనుకోలేదు. ముందుకు ఉరికాడు.

వాడికన్నా ముందే చెంచమ్మ తల తిప్పింది. పట్టుకున్న చెయ్యి పోయాక అడుగులు ఎలా తడబడతాయో ఆవిడకి తెలుసు.

"చుక్కా, అడ్డం" అంది.

చుక్క వెళ్ళి రాజు మోకాళ్ళకి అడ్డంగా నిలబడింది. ఆయన తోసినా కదల్లేదు. గంతలు విప్పి చూస్తే గుంట జానెడు దూరంలో ఉంది. వెనక్కి చూస్తే కరుణాసముద్రుడు ఇంకా రాయి కొలుస్తున్నాడు.

"సోమనాథయ్యా, నా చెయ్యి పట్టుకున్నది నువ్వే కదూ?" అన్నాడు రాజు.

ఓబన్న తాంబూలం పళ్ళెం ముందుకు చాచాడు.

"ప్రభూ, చుక్క ముందు ఎముక పడితే పూలమ్మే మనిషిని వదల్లేదు. అయ్యగారి ముందు ఆయన పేరు పడితే రాజునే వదిలేశారు."

ముందు రాజు నవ్వాడు. తర్వాత సభంతా నవ్వింది, నేతి అన్నం కవులు మరీ గట్టిగా నవ్వారు.

బీడూ ధాన్యమూ బొల్లయ్యకి దక్కాయి. రాజు తన చేతి కంకణం తీసి ఓబన్నకి తొడిగాడు.

"ఈ రాయి ఏం చెయ్యమంటారు?" అన్నాడు పెంచలయ్య.

"ఆ గుంటమీద మూత వెయ్యి. బిరుదులు కిందికి పెట్టు" అన్నాడు రాజు. "సోమనాథయ్యని బొల్లయ్య బడిలో చేర్చండి. చెయ్యి వదలకుండా నడవడం వచ్చాకే సభకి రావాలి."

ఓబన్న చేతులు కట్టుకుని అన్నాడు.

"కష్టం ప్రభూ. బొల్లయ్య ఏడాది దాటినవాటిని చేర్చుకోడు. చదువు ఎక్కదట."

నవ్వులకి సాలలో పశువులు బెదిరి లేచాయి. ఆ సందట్లో చెంచమ్మ వంగి, "ఇక తినవే" అంది. చుక్క తోకాడించుకుంటూ సంతబజారుకి పరిగెత్తింది.