ఒకే ఒక్క పాస్‌రీవ్

ఎతియెన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆశ్రమంలో పరుగెత్తకూడదన్న సంగతే మరిచిపోయాడు.

యానాం ఎదురుగా, గోదావరి పాయ మధ్యలో ఒక చిన్న లంక మీద ఉండేది ఆ ఆశ్రమం. నాలుగు పాకలు, ఒక ప్రార్థన గది, వెనక వంగతోట. అక్కడి పెద్ద ఇన్నయ్య స్వామి. డెబ్బై దాటిన క్రైస్తవ సన్యాసి. యానాంలో ఫ్రెంచివాళ్ళ జెండా ఎగిరిన రోజుల్లో వాళ్ళ బళ్ళోనే చదువుకున్నాడు. ఎతియెన్ రెండేళ్ళుగా ఆయన శిష్యుడు. ఇంకో మూడు వారాల్లో దేవుడి ఎదుట మాట ఇచ్చి, పెళ్ళీ సంసారం వద్దనుకుని, ఇంటిపేరు కూడా వదిలేసి ఆశ్రమంలో ఒకడైపోవాలి.

స్వామి వంగమొక్కల మధ్య వంగి పుచ్చిన వంకాయలు ఏరి పారేస్తున్నాడు.

"స్వామీ! ఉత్తరం వచ్చింది. ఫ్రాన్సు నుంచి!"

"ఎవరు రాశారు?"

"ఇంటిపేర్ల చరిత్ర వెతికే ఒక పెద్దమనిషండి. మా ఇంటిపేరు ఎక్కడిదో చెప్పమని ఎనిమిది నెలల కింద రాశాను. ఇంక జవాబు రాదనుకున్నాను. వచ్చేసింది!"

స్వామి చేతులు దులుపుకుని గట్టు మీద కూర్చున్నాడు. "చదువు, చదువు" అన్నాడు.

ఎతియెన్ ఇంటిపేరు పాస్‌రీవ్. యానాంలో ఫ్రెంచి ఇంటిపేర్లు ఉన్నవాళ్ళు కొందరున్నారు కానీ ఈ పేరు ఇంకెవరికీ లేదు. చిన్నప్పుడు బళ్ళో పిల్లలు నోరు తిరక్క 'పాసిరేవు' అనేవాళ్ళు. వాడు ఉడుక్కునేవాడు. పెద్దయ్యాక ఆ ఉడుకుమోత్తనమే గొప్పగా మారింది. ఎప్పుడో ఓడెక్కి వచ్చిన ఏ దొరో తమ మూలపురుషుడని లోపల్లోపల ఒక నమ్మకం.

కూర్చోలేక నిలబడే చదివాడు. ఒక్కో వాక్యం ఫ్రెంచిలో చదివి, వెంటనే తెలుగులో చెప్పాడు. స్వామికి ఫ్రెంచి వచ్చునన్న సంగతి ఆ ఉత్సాహంలో గుర్తులేదు.

"'పాస్' అంటే దాటించడం, 'రీవ్' అంటే ఒడ్డు. ఒడ్డు దాటించేవాడు అని అర్థమట స్వామీ! అక్కడ ల్వార్ అని ఒక పెద్ద నది. దాని పక్కన ఒక్క ఊళ్ళో, ఒకే ఒక్క కుటుంబానికి ఈ పేరు. తరతరాలుగా వాళ్ళది పడవ పని. ఇంకెక్కడా లేదు. పుట్టుకల పుస్తకాలన్నీ తిరగేశారట. వందేళ్ళలో ఈ పేరుతో పుట్టినవాళ్ళు దేశం మొత్తం మీద పదకొండు మంది!"

"పదకొండేనా!" అన్నాడు స్వామి. కళ్ళు పెద్దవి చేశాడు.

"పదకొండే! వాళ్ళలో ఆఖరావిడ పెళ్ళి చేసుకోలేదు. ఆరేళ్ళ కింద పోయింది. టెలిఫోను పుస్తకాలు వెతికారు, చర్చి పుస్తకాలు వెతికారు. ఎక్కడా లేరు. ఆఖర్న ఏం రాశారో వినండి. 'అయ్యా, నేను వెతికినంత మటుకు, ఈ రోజున ఈ పేరుతో భూమి మీద బతికి ఉన్నది మీరొక్కరే.'"

స్వామి చిన్నపిల్లాడిలా ముందుకు వంగాడు.

"ఆ ముక్క మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాడు. స్వామి నవ్వాడు. శిష్యుడూ నవ్వాడు. ఇద్దరూ కాసేపు ఆ కాగితాన్ని చూసి మురిసిపోయారు.

"రెండో కాగితం ఏంటి?" అన్నాడు స్వామి.

"మా ముత్తాత తండ్రి పేరు నమోదైన పాత రిజిస్టరు నకలండి. రాత గొలుసుకట్టుగా ఉంది. ఇంకా చదవలేదు."

"చదువు మరి."

ఎతియెన్ కాగితాన్ని ఎండకి పట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. చదువుతూ చదువుతూ నెమ్మదించాడు. యానాం రేవులో పడవ నడిపే ఒక మనిషి. పేరు పోలయ్య. ఇంటిపేరు ఏంటని అడిగితే తెలియదన్నాడు. కింద నమోదు చేసిన ఫ్రెంచి ఉద్యోగి తన చేత్తో ఇలా రాశాడు: 'ఇతడు నన్ను చాలాసార్లు ఏరు దాటించాడు. మా ఊళ్ళో పడవవాళ్ళ ఇంటిపేరు ఇతనికి ఇస్తున్నాను. వాళ్ళు కాదనరు.'

ఎతియెన్ కాగితం దించాడు. దొర లేడు, ఓడ లేదు. పడవ గెడ పట్టుకున్న పోలయ్య ఉన్నాడు.

ఒక్క క్షణం ముఖం చిన్నబోయింది. మళ్ళీ అంతలోనే వెలిగింది.

"అయితేనేంటి స్వామీ! ఇచ్చినవాళ్ళు లేరు. పుచ్చుకున్నవాళ్ళలో నేనొక్కణ్ణి మిగిలాను. అమ్మా నాన్నా లేరు, అన్నదమ్ముల్లేరు. నేను ఇక్కడ మాట ఇచ్చేస్తే ఆ పేరు నాతోనే పోతుంది." ఊపిరి తీసుకున్నాడు. "నాకు సెలవివ్వండి. యానాంలో మా అమ్మ తరఫు సిసిలియా అత్త ఎప్పట్నుంచో సంబంధం చూస్తానంటోంది. నేను పెళ్ళి చేసుకోవాలండి. పేరు నిలబెట్టాలి."

స్వామి లేచి, నాలుగు మంచి వంకాయలు కోసి తట్టలో వేశాడు.

"నిలబెట్టాల్సిందే" అన్నాడు. "అంత మంచి పేరు. సరే, నేనూ యానాం రేవుకే వెళ్తున్నాను. మన పడవవాడి కాగితం రాయించాలి, ఇవాళే ఆఖరి రోజు. ఒక సాక్షి సంతకం పెట్టి, అట్నుంచి అటే మీ అత్త దగ్గరికి వెళ్ళు."

ఎతియెన్ చేతిసంచీలో రెండు జతల బట్టలు కుక్కుకుని బయల్దేరాడు.

ఆ పడవవాడికి పేరు లేదు. మాట రాదు, చెవులు వినపడవు. ఎనిమిదేళ్ళ కింద పెద్ద వరదలో ఒక తాటిదుంగని కావలించుకుని లంకకి కొట్టుకొచ్చాడు. ఎవరి మనిషో, ఏ ఊరో ఎంత వెతికినా తెలియలేదు. వాడికి చదువూ రాదు, రాసి చూపించడానికి. లంకవాళ్ళు ఒక పడవ అప్పగించారు. అప్పట్నుంచి వాడే అందర్నీ అటూ ఇటూ దాటిస్తున్నాడు. ప్రసవం నొప్పులొచ్చిన ఆడవాళ్ళని దాటించాడు, శవాలని దాటించాడు. అందరూ వాణ్ణి "ఒరేయ్" అనేవాళ్ళు. అదీ వాడికి వినపడదు.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. గుర్తింపు కాగితం లేనివాడు ఒకటో తారీకు నుంచి రేవులో పడవ వెయ్యకూడదని ఆఫీసువాళ్ళు చెప్పారు.

వాడు గెడ వేస్తుంటే ఎతియెన్ చూడలేదు. దారి పొడుగునా ఉత్తరమే చూసుకున్నాడు.

యానాం రేవులో టార్పాలిను పందిరి కింద కాగితాలు రాసే గుమాస్తా భద్రంగారు బల్ల వేసుకుని కూర్చున్నారు. చుట్టూ జనం. చేపల బుట్టలతో ఆడవాళ్ళు, లంక రైతులు. పడవవాణ్ణి చూడగానే అందరూ దారిచ్చారు. వాడి సంగతి ఏమవుతుందోనని పొద్దుట్నుంచీ కాచుకుని ఉన్నారు.

"పేరు?" అన్నారు భద్రంగారు.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. చేపలమ్మే మంగాయమ్మ గొంతు అందర్నీ దాటి వినిపించింది. "గంగరాజు అని రాయండి బాబూ! గంగలోంచి వచ్చాడు. ఈ రేవుకి రాజు ఆడే!"

జనం ఆయ్ ఆయ్ అని తలలూపారు. భద్రంగారు నవ్వి రాసుకున్నారు.

"ఇంటిపేరు?"

"ఆశ్రమం అని రాసెయ్యకూడదా?" అని ఒక రైతు అడిగాడు.

"కుదరదండి. ఇంటిపేరే కావాలి. తెలియనివాళ్ళకి ఎవరైనా తమ ఇంటిపేరు ఇవ్వచ్చు, దానికి వీలుంది. కానీ ఆ ఇంటిపేరుగల పెద్దవాళ్ళంతా ఒప్పుకున్నట్టు సంతకాలు పెట్టాలి. రేపు ఆస్తి అనీ పాస్తి అనీ గొడవలు రాకుండా. సాయంత్రం నాలుగింటికి పుస్తకం మూసేస్తాను."

మంగాయమ్మ బుట్ట దించింది. "మా పేరు ఇద్దుం బాబూ. కానీ మా మరుదులూ బావలూ కలిపి ముప్పై మంది. సగంమంది వేటకెళ్ళారు. ఎల్లుండిగ్గానీ రారు."

రైతు లెక్క చూసుకున్నాడు. వాళ్ళ ఇంటిపేరువాళ్ళు నాలుగూళ్ళలో ఉన్నారు. ఇంకొకాయన తన అన్నతో మాటల్లేవన్నాడు. ఇంకొకాయనది మరీ పెద్ద కుటుంబం. ఇవ్వనన్నవాళ్ళు లేరు, ఇవ్వగలిగినవాళ్ళూ లేరు.

మధ్యలో పడవవాడు నిలబడి ఉన్నాడు. మాట్లాడిన ప్రతివాళ్ళ నోటి వంకా చూస్తున్నాడు. ఏదో తనకి కావలసింది అందరి దగ్గరా ఉందని, ఏదో అడ్డం వస్తోందని మాత్రం తెలుస్తోంది వాడికి. తడి చేతుల్ని పంచెకి మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటున్నాడు, వేలిముద్ర వెయ్యమంటే సిద్ధంగా ఉండాలన్నట్టు.

ఇన్నయ్య స్వామి జేబులోంచి కలం తీశాడు. మూత తిప్పాడు. ఎతియెన్ చేతిలో పెట్టాడు. తర్వాత నది వైపు తిరిగి నిలబడ్డాడు.

ఎతియెన్ ఉత్తరం వంక చూశాడు.

పదకొండు మంది. వందేళ్ళు. భూమి మీద మీరొక్కరే. పొద్దుటే కదా ఆ మాట వచ్చింది. ఒక్క పూటైనా పూర్తిగా తనది కాలేదు. ఇస్తే ఆ ఉత్తరంలో ఆఖరి వాక్యం అబద్ధమైపోతుంది.

పడవవాడు అప్పుడు ఎతియెన్ వైపు చూశాడు. చేతిలో కలం ఉంది కదా. వాడి ముఖంలో ప్రాధేయపడ్డం ఏమీ లేదు. రేవులో జనం ఎక్కేటప్పుడు ఎలా చూస్తాడో అలాగే చూశాడు, ఈయన ఎక్కుతాడా, లేదా అని.

ఎతియెన్ బల్ల దగ్గరికి నడిచాడు.

"మా ఇంటిపేరు రాయండి. పాస్‌రీవ్."

"ఏంటండీ?"

"పాస్‌రీవ్. నేను చెప్తాను, ఒక్కో అక్షరం రాసుకోండి."

భద్రంగారు కళ్ళజోడు సర్దుకుని రాసుకున్నారు. "మంచిదేనండి. కానీ మీ ఇంటివాళ్ళంతా ఒప్పుకోవాలి. ఎంతమంది ఉంటారు?"

"ఒప్పుకున్నారండి."

"అందరూనా?"

"అందరూ నేనేనండి."

భద్రంగారికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మంగాయమ్మకి ముందే అర్థమైంది. పెద్దగా నవ్వి చప్పట్లు కొట్టింది. రేవంతా కొట్టింది. బుట్టలో చేప ఒకటి ఎగిరి ఇసకలో పడినా ఎవరూ పట్టించుకోలేదు.

"ఆగండాగండి, వాడికి చెప్పొద్దూ!" అంటున్నారు ఎవరో.

ఎతియెన్ పడవవాడి ఎదుట నిలబడ్డాడు. కాగితం మీద ఆ పేరుని వేలితో చూపించాడు. తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత ఆ చెయ్యే వాడి గుండె మీద వేశాడు. లోపల గుండె పడవ కింద నీళ్ళలా కొట్టుకుంటోంది.

వాడు కాగితాన్ని చూశాడు. ఎతియెన్‌ని చూశాడు. తన రెండు చూపుడువేళ్ళు పక్కపక్కన పెట్టి, నువ్వూ నేనూ ఇలాగా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

ఎతియెన్ అవునన్నట్టు తల ఊపాడు.

ఎనిమిదేళ్ళలో ఆ రేవు వాడి నోటి నుంచి ఏ శబ్దమూ వినలేదు. ఇప్పుడు విన్నది. అది నవ్వో ఏడుపో ఎవరూ చెప్పలేకపోయారు. భద్రంగారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

వేలిముద్ర పడింది. ఎతియెన్ సంతకం పెట్టాడు.

"ఇంక రెండే గడులు" అన్నారు భద్రంగారు. "పేరు ఇచ్చినవారికి ఈయన ఏమవుతారు?"

"అన్నయ్య."

"మీ శాశ్వత చిరునామా?"

రోడ్డు మీద బస్సు హారను మోగింది. సిసిలియా అత్త వీధి మీదుగా పోయే బస్సు. ఎతియెన్ అటు చూశాడు. కలం ఒక్క నిమిషం గాలిలో ఆగింది. తర్వాత వంగి, ఆ గడిలో తనే రాశాడు. లంక పేరు, ఆశ్రమం పేరు.

ఏం రాశాడని స్వామి తొంగి చూడలేదు.

రేవు దిగువన పడవ అంచు మీద గెడతో టకటకా కొడుతున్న చప్పుడు. జనాన్ని ఎక్కమని పిలవడానికి పడవవాడికి తెలిసిన పద్ధతి అదే. ఇవాళ మరీ గట్టిగా కొడుతున్నాడు.

ఇన్నయ్య స్వామి పంచె పైకి కట్టుకుని మెట్లు దిగసాగాడు.

"పద నాయనా" అన్నాడు. "మీ అన్నయ్య పిలుస్తున్నాడు."