నాలుగో విస్తరి

ఇలా రా, నా పక్కలోకి. కాళ్ళు తుడుచుకున్నావా? ఆ కెమెరా బల్ల మీద పెట్టేసి రా, దాన్నెవరూ ఎత్తుకుపోరు. రేపు అమ్మా నాన్నా నువ్వూ ఊరి చివర మామిడితోటకి వెళ్తున్నారని సాయంత్రం నించీ వింటూనే ఉన్నాను. కెమెరా మెడలో వేసుకుని అన్నం తిన్న పిల్లని నిన్నొక్కదాన్నే చూశాను.

మీ అమ్మేమో పదిసార్లు పిలిస్తే గానీ అన్నానికి లేవనని నా మీద విసుక్కుంది. విసుక్కోనీ. పిలిస్తే దాని నోరేం అరిగిపోతుంది?

సరే, కథ చెబుతా. ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టడం ఆపావంటే నేనూ ఆపేస్తా.

అనగనగా గోదారి కాలవ పక్కన ఒక ఊరు. రాజులూ రాక్షసులూ ఉన్న కాలం కాదులే, రైలూ రేడియో వచ్చేశాకే. ఆ ఊళ్ళో ఒక ఇంట్లో ముగ్గురుండేవాళ్ళు. నాన్న ముత్యాలరావు, కాలవ లాకుల దగ్గర గుమస్తా. అమ్మ సత్యవేణి. వాళ్ళకి ఒక్కతే కూతురు, నూకరత్నం. అందరూ నూకాలూ అని పిలిచేవాళ్ళు. నీ అంతే ఉండేది, నీలాగే వాగుడుకాయ.

ముత్యాలరావుకి వాళ్ళ మేనమామ ఒక పాత కెమెరా ఇచ్చాడు. ముందే చెబుతున్నా, ఆ కెమెరాలో ఏ దయ్యమూ లేదు. మంచి కెమెరా. దానికో చిన్న పిడి ఉండేది. పిడి కిందికి తిప్పి వదిలితే జుయ్యిమని చప్పుడు చేసుకుంటూ పైకి పాకి, చివరికి టప్పున ఫొటో తీసేది. ఈ లోపల తీసేవాడు కూడా పరిగెత్తుకెళ్ళి నిలబడొచ్చు. ఆ పిడంటే ముత్యాలరావుకి ప్రాణం.

కార్తీకమాసం వచ్చింది. అప్పుడు ముత్యాలరావు, "ఆదివారాలు ఇంట్లో కూర్చుని ఏం చేస్తాం? పొద్దున్నే పోయి సాయంత్రానికొచ్చేద్దాం" అన్నాడు. సత్యవేణి పులిహోర కలిపింది, పెరుగన్నం కలిపింది, అరిటాకులు కోసి చుట్టి సంచిలో పెట్టింది. ముగ్గురూ ధవళేశ్వరం ఆనకట్ట చూడ్డానికి వెళ్ళారు.

అక్కడ గడ్డిలో ముత్యాలరావు తల్లినీ కూతుర్నీ నిలబెట్టి ఫొటో తీశాడు. ఆ తర్వాత గట్టు మీద కెమెరా పెట్టి, "ఇప్పుడు ముగ్గురం" అన్నాడు.

"వద్దండీ. ముగ్గురు కలిసి ఫొటో దిగకూడదు. ముగ్గుర్లో ఒకరికి కీడు" అంది సత్యవేణి.

ఈ మాట నువ్వూ వినే ఉంటావు. మన వైపు పెళ్ళిళ్ళలో కూడా ముగ్గురు నిలబడితే ఎవరో ఒక పిల్లాణ్ణి మధ్యలోకి తోసేవాళ్ళు, నలుగురవుతారని. అక్కడ తొయ్యడానికి ఎవరున్నారు? ముత్యాలరావుకి పెళ్ళాన్ని ఉడికించడం సరదా. అప్పుడేం చేశాడంటే, ఖాళీగా ఉన్న గడ్డి వైపు తిరిగి చెయ్యూపాడు.

"ఎవరమ్మా అక్కడ? రండి రండి, మా అమ్మాయి పక్కన నిలబడండి. నలుగురం అయిపోతాం!"

నూకాలు పకపకా నవ్వింది. నవ్వుతూ పావడా ఇవతలికి లాక్కుని, బండిలో పక్కవాళ్ళకి చోటిచ్చినట్టు కాస్త జరిగింది. జుయ్యిమంది. టప్పుమంది. అంతే.

ఆ తర్వాత మూడు ఆకులు వేసుకుని కడుపునిండా తిన్నారు. మూడే ఆకులు. గుర్తుపెట్టుకో.

వారం తిరిగేసరికి ముత్యాలరావు రీలు కడిగించి తెచ్చాడు. ఫొటోలో ముగ్గురూ చక్కగా ఉన్నారు. గడ్డి మీద నీడలు మాత్రం నాలుగున్నాయి. నూకాలు నీడ పక్కన, అంతే పొడుగున్న ఇంకో నీడ. సత్యవేణి వాటిని రెండుసార్లు లెక్కపెట్టింది.

"ఎవరో దారినపోయేవాళ్ళ నీడే" అన్నాడు ముత్యాలరావు. చుట్టుపక్కల ఎవరూ లేరని ఆయనకీ తెలుసు. మగాళ్ళు భయపడితే అంతేనమ్మా, గొంతు పెంచుతారు.

ఆ పై ఆదివారం అంతర్వేది వెళ్ళారు. లైటుహౌసు చూశారు, సముద్రంలో కాళ్ళు తడుపుకున్నారు. ఫొటో దగ్గరికొచ్చేసరికి సత్యవేణి వద్దే వద్దంది. అప్పుడు నూకాలే, "నేను పిలుస్తానమ్మా, నాన్నకంటే బాగా పిలుస్తా" అని, గాలిలోకి చెయ్యి చాపింది.

"రా. నా పక్కన నిలబడు."

జుయ్యిమంటోంది కెమెరా. అంత హోరుగాలీ ఒక్కసారి పడిపోయింది. నూకాలు కదలకుండానే నెమ్మదిగా అంది, "అమ్మా, చెయ్యి చల్లగా ఉంది."

"తడిలో ఆడితే చల్లగా ఉండదా మరి?"

"నా చెయ్యి కాదమ్మా."

టప్పుమంది. మళ్ళీ గాలి వీచింది. సత్యవేణి పిల్లని లాగి ఒళ్ళోకి అదుముకుంది. నూకాలు పక్కన ఎవరూ లేరు. మళ్ళీ మూడు ఆకులే వేశారు. ఆ రోజు నూకాలు మారు పెట్టించుకుంది, మళ్ళీ మారు పెట్టించుకుంది, అయినా ఆకలే అంది.

ఆ ఫొటో వచ్చింది. అందులో నలుగురున్నారు. నూకాలు పక్కన, నూకాలు చెయ్యి పట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. తడిసిన జడ, మోకాళ్ళ దాకా గౌను. మొహం మాత్రం, ఫొటో తీసేటప్పుడు తల ఊపితే చెదిరిపోతుందే, అలా చెదిరిపోయి ఉంది.

ఇసక మీద నీడలేమో మూడున్నాయి. సత్యవేణి వేలు పెట్టి ఒక్కొక్క నీడనీ వెతికింది. నాన్నకుంది. అమ్మకుంది. ఆ పిల్లకుంది.

సత్యవేణి ఫొటో అక్కడే పడేసి పెరట్లోకి పరిగెత్తింది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతోంది. తులసికోటకి నీడ ఉంది. గోడ మీద కాకికి నీడ ఉంది. తొక్కుడుబిళ్ళ ఆడుతున్న నూకాలు కాళ్ళ కింద ఏమీ లేదు, ఒట్టి ఎండ.

దగ్గరికి జరుగు. దుప్పటి కప్పుకో. ఊఁ, చెప్పనా?

ఆ రోజు నించీ నూకాలు చిక్కిపోయింది. ఎంత తిన్నా ఆకలే. మాట కూడా దూరం నించి వచ్చినట్టు వచ్చేది. ఒక మధ్యాహ్నం సత్యవేణి కంచంలో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని కళ్ళు తిప్పకుండా చూసింది. ఇటువైపు నించి నూకాలు ముద్దలు కలుపుకుని తింటోంది. అటువైపు నించి కూడా అన్నం తగ్గుతోంది.

ముత్యాలరావు తల బాదుకుని ఏడ్చాడు. కెమెరా తీసుకుని కాలవలో పారేస్తానని లేచాడు. సత్యవేణి గుమ్మంలో అడ్డం నిలబడింది.

"పిలిచింది కెమెరానా, మీరా? రమ్మని పిలిచారు, నిలబడమన్నారు, ఫొటో దిగారు. అన్నాల దగ్గర మాత్రం మూడు ఆకులే వేసుకున్నాం. ఇంటికొచ్చిన వాళ్ళని గుమ్మంలో నిలబెట్టి మనం తింటామా? మనం పెట్టకపోతే అది నూకాలు కంచంలో తింటోంది. ఆదివారం ఇంకో ఊరు వెళ్దాం, కెమెరా కూడా పట్టుకురండి. నూకాలు నాకు దక్కాలండీ."

ఆవిడ మాత్రం ఏడవలేదు. పప్పు నానబెట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

అప్పుడు ముగ్గురూ కోరంగి మడ అడవికి వెళ్ళారు. అక్కడికి పడవ మీదే పోవాలి. నీళ్ళలో చెట్లు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, వాటి మధ్య పరుగులు పెట్టే ఎర్రపీతలు. పడవవాడు ముగ్గురినీ ఒక గట్టు మీద దింపి, పోటు ఎక్కేలోపు వస్తానని వెళ్ళాడు. నూకాలుకి నిలబడే ఓపిక లేదు. నాన్న ఎత్తుకుని మోశాడు. ఎత్తుకుంటే బరువే తెలియలేదట, ఉతికిన పావడాని ఎత్తుకున్నట్టుందట.

సత్యవేణి చాప పరిచింది. ఆకులు వేసింది. ఈసారి నాలుగు. నూకాలు పక్కన నాలుగో ఆకు వేసి, నీళ్ళు చిలకరించి తుడిచింది. పులిహోర పెట్టింది, గారెలు పెట్టింది, పెరుగన్నం పెట్టింది. పక్కన గ్లాసుతో మంచినీళ్ళు పెట్టింది. ఆ తర్వాత ఖాళీగా ఉన్న ఆ చోటు వైపు తిరిగి, సొంత బిడ్డని పిలిచినట్టే పిలిచింది.

"రా తల్లీ, కూర్చో. ఆకలి మీద ఇన్నాళ్ళు నిలబెట్టేశాం. తిను. నిదానంగా తిను, ఎవరూ లాక్కోరు."

పీతలన్నీ బొరియల్లోకి పోయాయి. పిట్టలు ఊరుకున్నాయి. "ఎవరూ అటు చూడకండి, తినే పిల్లని చూడకూడదు" అని సత్యవేణి నెమ్మదిగా చెప్పింది. ముగ్గురూ తలలొంచుకుని తింటున్నారు. పక్క నించి చప్పుడు వినిపిస్తోంది. గారె కొరికిన చప్పుడు. నీళ్ళు గుటకేసిన చప్పుడు. పెరుగన్నం తిన్నాక వేళ్ళు నాక్కుంటారే, ఆ చప్పుడు.

చాలాసేపటికి ఆ చప్పుళ్ళు ఆగిపోయాయి. అప్పుడు చూశారు. నాలుగో ఆకులో ఒక్క మెతుకు లేదు. ఆకు చక్కగా మడిచి ఉంది, భోజనం బాగుందని చెప్పడానికి మనవైపుకి మడుస్తామే, అలా.

"ఇప్పుడు పొమ్మనవే" అన్నాడు ముత్యాలరావు. "కడుపు నిండింది కదా, పొమ్మను."

సత్యవేణి నోరు తెరిచింది. ఆ మడిచిన ఆకు వైపు చూసింది.

"ఆకు మడవడం దీనికి ఎవరో నేర్పారండీ" అంది చివరికి. "పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరో తల్లి నేర్పింది. ఆ తల్లి ఎక్కడుందో, ఇదెక్కడ తప్పిపోయిందో. అన్నం పెట్టిన చేత్తో పొమ్మని నేను అనలేను."

సత్యవేణి లేచి, ఆ చోటు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"మాతో ఇంటికి రా అమ్మా. నూకాలు వంతు నూకాలుది, నీ వంతు నీది. రోజూ నీకో ఆకు వేస్తాను. దాని నీడ మాత్రం దానికిచ్చెయ్యి."

ఆ తర్వాత కెమెరాని పడవ కట్టే గుంజ మీద నిలబెట్టారు. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఉడికించలేదు. సత్యవేణి నూకాలుని ఒక పక్కన పెట్టుకుని, రెండో చెయ్యి ఖాళీగా చాపి ఉంచింది. జుయ్యిమంది. చాపిన చేతిలోకి చిన్న చెయ్యి వచ్చి దూరింది. చల్లగా ఉంది. ఆవిడ వదల్లేదు. గట్టిగా పట్టుకుంది. టప్పుమనేసరికి ఆ చెయ్యి వెచ్చబడింది.

"అమ్మా, నా నీడ!" అని అరిచింది నూకాలు. బురద గట్టు మీద తన నీడని తనే తొక్కుతూ ఎగిరింది. దాని పక్కన ఇంకో నీడ కూడా ఎగిరింది.

పడవవాడు వచ్చాడు, ఎక్కించుకున్నాడు, రేవులో దింపాడు. దింపేటప్పుడు చెయ్యందిస్తూ, "నలుగురూ జాగ్రత్తగా దిగండమ్మా, బురదగా ఉంది" అన్నాడు. తీసుకెళ్ళింది ముగ్గురినేనని వాడికి గుర్తే లేదు.

ఊరూ అంతే. ఎవరీ పిల్ల అని కొన్నాళ్ళు అడిగారు. "మా రెండోది" అనేది సత్యవేణి. కొన్నాళ్ళకి అడగడం మానేశారు. ఇంకొన్నాళ్ళకి, ఆ పిల్ల పుట్టినప్పుడు నేనే నీళ్ళు పోశానని మంత్రసాని కూడా చెప్పడం మొదలెట్టింది. ఆ ఇంట్లో ఫొటో దిగితే నలుగురే, ఆకులు వేస్తే నాలుగే. సత్యవేణి బతికున్నన్నాళ్ళూ ఆ నాలుగో ఆకు ముందు వేశాకే మిగతావి వేసింది.

ఆ రెండో పిల్ల ఏమైందా? ఏమవుతుంది, పెరిగింది. నూకాలుతో పాటు బడికి వెళ్ళింది, జడలు వేసుకుంది. పెళ్ళయింది. ఒక కూతురు పుట్టింది. ఆ కూతురికో కూతురు పుట్టింది, వాగుడుకాయ. అన్నీ అందరిలాగే. ఒక్క అలవాటు మాత్రం పోలేదు. నోరారా ఎవరైనా పిలిస్తే గానీ అన్నానికి లేవదు.

ఏం, ఊఁ కొట్టడం ఆపేశావేం?

భయమేసిందా? పిచ్చిదానా. ఇదిగో నా చెయ్యి పట్టుకో. వెచ్చగా లేదూ? మా అమ్మ పట్టుకున్నప్పటి నించీ వెచ్చగానే ఉంది.

రేపు తోటలో మీరు ముగ్గురే. నాన్న కెమెరా ఎక్కడో పెట్టి పరిగెత్తుకుంటూ వచ్చి నిలబడతాడు, చూడు. నా మోకాళ్ళు అంత దూరం నడవనివ్వవు, నేను ఇంట్లోనే ఉంటాను. నువ్వు మాత్రం నీ పక్కన కాస్త చోటు వదులు. వదిలి, అమ్మమ్మా రా అని పిలు. పిలిస్తే వస్తాను. ఎంత దూరమైనా వస్తాను. ఒక ఆకు ఎక్కువ తీసుకెళ్ళమని మీ అమ్మకి పొద్దున్నే చెప్పు, మర్చిపోకు.

ఇంక కళ్ళు మూసుకో.

కథ పోయి కంచికి చేరె,
కెమెరా పోయి పెట్టెకి చేరె,
కునుకు వచ్చి కంటికి చేరె,
పిలిచావంటే నీ పక్కకి అమ్మమ్మ చేరె.