హస్తవాసి లెక్క

ప్రశ్న అడిగినవాడికి కూర్చున్నచోటే జవాబు చెప్పడం మా శేషాచార్యులుగారికి ఇష్టం ఉండదు. వెళ్లి చూసిరా అంటారు. తర్కం చదువుకుందామని చేరిన మాకు చదువుకన్నా తిరుగుడే ఎక్కువైందని చాటున సణుక్కునేవాళ్లం.

ఒకరోజు ఉమాకాంతం వచ్చాడు. మాలో లెక్కల మనిషి అతనే, ఆ సంగతి మమ్మల్ని మరిచిపోనివ్వడు కూడా. వాళ్లన్న సదాశివానికి కాలేయం పూర్తిగా చెడిపోయింది. గుండె కూడా అంతంతమాత్రమే. వదిన తన కాలేయంలో కొంత ఇస్తానని ముందుకొచ్చింది. ఇక ఎక్కడ చేయించాలన్నదే మిగిలింది.

"ఊళ్లో అందరూ ఫలానా డాక్టరు హస్తవాసి మంచిదంటున్నారండీ. హస్తవాసేమిటి, నా మొహం! నేను లెక్క చూశాను. బస్టాండు దగ్గరి ఆసుపత్రిలో ఈ ఆపరేషను చేయించుకున్నవాళ్లు నూటికి తొంభై ఎనిమిది మంది ఏడాది దాటి బతికున్నారు. బైపాసు మీది ఆసుపత్రిలో ఎనభై రెండే. ఇంకా ఆలోచించడానికేముంది?"

"ఏమీ లేకపోతే నన్నెందుకు అడిగావు?" అన్నారు గురువుగారు. "అన్నను తీసుకుని బస్టాండు ఆసుపత్రికే వెళ్లిరా."

వెళ్లాడు. వారం తిరక్కుండా వచ్చాడు, కోపంతో మొహం కందగడ్డ చేసుకుని. అక్కడి పెద్ద డాక్టరు మర్యాదగానే మాట్లాడాడట. ఈ గుండె మత్తుకే ఆగదు, మేం చేయలేం అన్నాడట. వరండాలో కూర్చున్నవాళ్లను కదిపితే, చాలామందికి అలాంటి మాటే చెప్పారని తేలింది. అట్నుంచటే బైపాసు ఆసుపత్రికి వెళ్లారు. అక్కడి డాక్టరమ్మ లేనిపోని ఆశలేం పెట్టలేదు. "గుండె బాగోలేనివాళ్లు తిరిగి తిరిగి మా దగ్గరికే వస్తారు. కొందరు దక్కారు, కొందరు దక్కలేదు. మీకు సమ్మతమైతే చేస్తాం" అందట.

"అయితే ఎక్కువమంది చనిపోయే ఆసుపత్రే మంచిదంటారా?" అని ఉమాకాంతం గురువుగారి మీదే విరుచుకుపడ్డాడు.

"నేనన్నానా ఆ మాట? డాక్టరుకి చేతకాకపోయినా ఎక్కువమందే పోతారు. ఎవరిని చేర్చుకున్నారో అడక్కుండా ఎందరు బతికారని మాత్రం అడిగితే, హస్తవాసికే శాతమని పేరు మార్చినట్టు."

ఆపరేషను బైపాసు ఆసుపత్రిలోనే జరిగింది. వదిన కోలుకుంది. సదాశివం లేచి కూర్చున్నాడు, ఇడ్లీ తిన్నాడు, పిల్లలతో ఫోన్లో మాట్లాడాడు. ఇక గండం గడిచిందని అందరం అనుకుంటుండగా గుండె ఆగిపోయింది.

పెద్దకర్మ అయ్యాక ఉమాకాంతం వచ్చి గోడకి చేరగిలబడ్డాడు.

"వాళ్లు చేయాల్సిందంతా చేశారండీ, కళ్లారా చూశాను. మా అన్న పోవడంతో వాళ్ల శాతం ఇంకాస్త తగ్గుతుంది. రేపు నాలాంటి తెలివైనవాడెవడో అది చూసి, అక్కడికి పోవద్దంటాడు" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గురువుగారు లేచి వచ్చి అతని పక్కన కూర్చున్నారు.

"అంటాడు నాయనా. వాడొచ్చి నిన్నడిగితే, నువ్వేమంటావు?"