అభయం అనే చాటు తలుపు

అనగనగా, అంతర్జాలపు తీగలు అడవుల్లోకి కూడా పాకిన రోజుల్లో, ఒక అడవి. దానికి రాజు సింహం, మంత్రి దుమ్ములగొండి. ఆ మంత్రి రాజుకు తెలియకుండా పసికూనలను మింగేవాడు. నోరెత్తినవాళ్ళు మర్నాటికి కనబడేవారు కాదు.

అది చూడలేక మంగతాయారు అనే ముంగిస, దేవుడి మీద భారం వేసి, కంప్యూటర్లో ఒక చాటు తలుపు తెరిచింది. ఎవరైనా పేరు చెప్పకుండా అక్కడ గోడు రాసుకోవచ్చు. ఆమె దాన్ని రాజుకు చేరవేస్తుంది.

చిక్కల్లా ఆ తలుపు చిరునామాతోనే. అది మనం పెట్టుకునే పేరు కాదు, యంత్రం చీట్లు తీసినట్టు తీసి ఇచ్చే అక్షరాలు. చాంతాడంత పొడవు, అర్థం పర్థం లేదు.

"ఇదేం నోరు తిరుగుతుంది తల్లీ!" అని నవ్వాయి జంతువులు.

"మొదట్లో 'అభయం' అని వచ్చేదాకా చీట్లు తీయిస్తూనే ఉంటాను" అంది మంగతాయారు.

మొదట తన కంప్యూటర్‌తో తీయించింది. 'అ' వచ్చింది. తర్వాత ఒక గ్రాఫిక్స్ కార్డు తగిలించింది. బొమ్మల ఆటలకోసం చేసిందే అయినా అది రెప్పపాటులో లక్షల చీట్లు తీస్తుంది. 'అభ' వచ్చింది. అక్షరం పెరిగేకొద్దీ పని కొండంత అవుతోంది. మూడోసారి కోతుల దగ్గరున్న కార్డులన్నీ బతిమాలి తెచ్చి పేర్చింది. అవి కుంపట్లలా కాగి కాగి, చివరికి 'అభయం'తో మొదలయ్యే చిరునామా ఇచ్చాయి. తోక మాత్రం అదే గజిబిజి. తలుపు మీద దీపం బొమ్మ పెట్టి, మొదట్లో 'అభయం' కనబడితే అది తన తలుపేనని అందరికీ చెప్పింది.

తాబేలు పేరిందేవమ్మ అడిగింది: "ఆ తోక కూడా చెప్పవే. మా తాతముత్తాతల పేర్లన్నీ జోలపాటలోనే దాచుకున్నాం. ఇదీ పాట కడతాను."

"అంత పాట ఎవరు పాడతారవ్వా! మొదలు చూసుకుంటే చాలదూ?" అంటూనే మంగతాయారు చెప్పింది. అవ్వ పాట కట్టుకుంది.

కొన్నాళ్ళకు కుందేలు వచ్చింది. "అక్కా, నిన్న అభయంలో అంతా రాశాను. నువ్వడిగావని మా బొరియ ఎక్కడుందో కూడా చెప్పాను."

మంగతాయారు గబగబా తనకొచ్చిన రాతలన్నీ వెతికింది. "నేనడగలేదే! నాకేమీ రాలేదే!"

కుందేలు తెరిచి చూపించింది. అదే 'అభయం', అదే దీపం బొమ్మ. పక్కనే ఉన్న అవ్వ ఒక్కో అక్షరం మీద వేలుపెట్టి పాడుతూ పోయి, సగంలో ఆగిపోయింది.

"ఇది మన తలుపు కాదే, తల్లీ."

మంత్రి ఇంకా ఎక్కువ కార్డులు పేర్చి, తనూ ఒక 'అభయం' తీయించి, ఆ చిరునామాను అడవిలో పంచిపెట్టాడు! మంగతాయారు స్వయంగా నేర్పిన గుర్తే ఉచ్చు అయింది.

"నా పిల్లలు!" అని కుందేలు పరుగెత్తింది. మంగతాయారు రాజుకు కబురంపి, వెనక కన్నంలోంచి బొరియలో దూరి పిల్లలను ఒక్కొక్కటిగా బయటికి లాగింది. ఆఖరిది బయటపడేసరికి ముందు కన్నంలో దుమ్ములగొండి తల దూరి ఉంది.

సింహం వెనకనుంచి మెల్లగా అడిగింది: "మంత్రిగారూ, ఈ ఇంటి చిరునామా తమకెవరిచ్చారు?"

మంత్రికి పదవీ పోయింది, అడవిలో చోటూ పోయింది.

ఆనాటి నుంచి ఆ అడవిలో పాట చివరిదాకా పాడి సరిచూసుకోనిదే ఎవరూ తలుపు తట్టరు. అందరికంటే ముందు ఆ పాట నేర్చుకున్నది మంగతాయారే.

కాబట్టి పిల్లలూ, మొదట్లో నచ్చిన పేరు కనబడిందని నమ్మేయకుండా, చివరిదాకా పోల్చుకున్నాకే మనసులో మాట చెప్పుకోవాలి.